వీపు షాటు

సాలిగ్రామంలో పిండిమర మేడమీద
కోడిగుడ్ల అట్టలు అతికించిన గదిలో
పొద్దుటినుంచీ నేను చక్రవర్తి భార్యని.
ఒక్కర్తిని కాదు, పదకొండుమందిని.

పట్టమహిషికి మాత్రం వేరే గొంతు.
ఆవిడ కారులో వచ్చి, కాఫీ తాగి,
మధ్యాహ్నానికల్లా చెప్పేసి వెళ్ళిపోతుంది.
మిగతా అంతఃపురమంతా నాదే.
అలిగేది, విషం కలిపేది, అది తాగేది,
కొడుకుని కన్నది, కన్నానని చెప్పుకున్నది.
లెక్క ఎపిసోడుకి ఇంతని. రాణికి ఇంతని కాదు.

చైనాలో రాణులకి ఎనిమిది మెట్లట.
మెట్టుకో పేరు, పేరుకో భత్యం,
ఇన్ని బారల పట్టు, చలికాలానికి ఇన్ని మణుగుల బొగ్గు,
కొవ్వొత్తులు కూడా లెక్కబెట్టే ఇస్తారట.
మాటలు రాసే భుజంగరావుగారు
పెద్దరాణి, నడిపిరాణి, చిన్నరాణి దాకా వచ్చి
కలం మూసి తల గోక్కున్నారు.
"ఇంత పెద్ద భాషమ్మా మనది,
సవతికి ఇంకో నాలుగు మాటలు పెట్టుకోలేకపోయాం."

ఇక్కడ పెదవులదే చట్టం.
వాళ్ళ పెదవులు కలిసినచోట నాకు ప కావాలి, లేదా మ.
"ప్రభువులకు పాదాభివందనం"
ఆ నోట్లో చక్కగా కూర్చుంటుంది,
ఆమె నిజంగా ఏమందో మరి.
అద్దం అవతల తనశేఖర్ బొటనవేలు ఎత్తుతాడు.
అతనికి తెలుగు రాదు.
మూయాల్సిన చోట మూశానా లేదా, అంతే చూస్తాడు.

చక్రవర్తి పెద్దగా మాట్లాడడు.
"ఊఁ" అంటాడు. "లే" అంటాడు.
నలభై ఎపిసోడ్ల ఊఁలన్నీ ఒక్క పూటలో అయిపోయాయి.
ఆ గొంతుకి మాత్రం మాకు మూడింతలు.

అట్టడుగు మెట్టు మీద ఒకామె ఉంది.
ఆరులో పల్లకీ దిగుతుంది,
ముప్ఫై ఒకటిలో దగ్గుతుంది.
పేరు లేదు. ఫలానా ఇంటి పిల్ల, ఫలానా మెట్టు.
ఆమెకి కాగితంలో రాసిపెట్టినవి మూడు:
దగ్గు. నిట్టూర్పు. దగ్గు.

దగ్గడం నాకు బాగా వచ్చు.
పెరంబూరు నూలుమిల్లులో మా నాన్న
ఇరవై ఏళ్ళు దగ్గిన దగ్గు
నా దగ్గర భద్రంగా ఉంది.

తర్వాత వీపు షాటు.
కిటికీ దగ్గర ఆమె, జడలో తెల్లపూలు, బయట మంచు.
వెనకాల ముసలి కంచుకి చిట్టా విప్పి అడుగుతాడు,
"తమ పేరు ఏమని రాయమంటారు?"
ఆమె ఏదో అంది, ఊపిరంత చిన్న మాట.
కాగితంలో: "ఏమీ వద్దు."

వీపుకి పెదవులుండవు.
వీపు మీద ఏ మాటైనా పడుతుంది.

"చెంగమ్మ" అన్నాను.

మా ఇంట్లో పలకని పేరు అది.
"ఆ చూళైది" అనేది మా అమ్మ, అంతే.
నాన్న పోయినరోజు వీధికి అటువైపు
మందుల షాపు షట్టరు కేసి తిరిగి
ఒక వీపు నిలబడింది, పాడె లేచేదాకా.
తర్వాతెప్పుడో నాన్న ట్రంకుపెట్టెలో
ఒక రేషన్ కార్డు దొరికితే
కుటుంబ సభ్యులు: ఇద్దరు.
పంచదార, బియ్యం, కిరసనాయిలు,
నెలనెలా టిక్కులు.

తనశేఖర్ టేపు వెనక్కి తిప్పాడు.
పేరు ఏ భాషవాడి చెవికైనా పేరే.
"పేపర్ల ఇల్లియే, అక్కా?"
లేదన్నాను.
మళ్ళీ విన్నాడు. మంచు పడుతూనే ఉంది.
ఏదో మీట నొక్కాడు,
ఉంచాడో చెరిపాడో అడగలేదు.

ఓచరు మీద సంతకం పెట్టాను.
నా పేరుకి ఎదురుగా "ఇతర గొంతులు" అని ఉంది.
కింద మరలో ఎవరివో మిరపకాయలు ఆడుతున్నారు.
మెట్లు దిగుతూ దగ్గాను.
ఇది మాత్రం ఎవరూ రాసివ్వలేదు.